కంటితూకం

కవరు మీద చిరునామా వంకరగా ఉంది.
లోపల ప్లాస్టిక్ సంచి, సంచిలో పేడ,
సంచి మీద ఎండిన బొటనవేలి ముద్ర.
హోల్స్‌వర్తీ పోస్టుమాన్ మా ల్యాబు గుమ్మంలో
ముక్కు మూసుకోవడం ఎప్పుడో మానేశాడు.

మూడు గ్రాములు తూచి ఉప్పునీళ్లలో కలుపుతాను.
విత్తనాల్లో తాలు తేలినట్టు
గుడ్లు పైకి తేలతాయి.
గళ్ల గాజుపలక మీద ఒక్కో గడీ దాటుతూ
పన్నెండు, పదమూడు, పద్నాలుగు.
యాభైతో హెచ్చవేస్తే ఏడువందలు.
మందు తాపిన రెండు వారాలకి వచ్చిన రెండో కవరులో
నాలుగువందల యాభై.

"మందు నకిలీదా?"
ఫోన్లో మోరిస్ లక్స్‌టన్ గొంతు
తడిసిన కంబళిలా ఉంది.
రేపొస్తానన్నాను.

కొట్టం వెనకే పల్లం. తుంగ మొలిచిన నేల.
అడుగేస్తే బూటులోకి నీళ్లు.
"మా తాత రోజుల్నుంచీ దూడల్ని ఇక్కడే వదుల్తాం,
వంటింటి కిటికీలోంచి కనబడతాయి గదా."
ఏటా అదే గడ్డి, అదే పేడ, కొత్త మూతులు.
తెల్లారుజామున మంచుతడి పట్టుకుని
గడ్డిపరక మీదికి పాకే పిల్లపురుగుకి
కళ్లు లేవు, కాళ్లు లేవు.
ఓపిక ఉంది.

పెద్దావులు అదే మేసి నిగనిగలాడుతున్నాయి.
ఒకప్పుడు తిన్న దెబ్బ ఆ ఒళ్లకి గుర్తుంది.
తొలి వేసవి దూడలకే ఏ జ్ఞాపకమూ లేదు:
డొక్కలు లోపలికి, తోకలు పచ్చగా అట్టకట్టి,
మేత మధ్యలో ఎందుకో ఆగిపోయి.

మా వైపు వీటిని నట్టలంటాం అన్నాను.
మోరిస్ ఆ మాటని నోట్లో రెండుసార్లు తిప్పి
"నట్లు" అన్నాడు.
సరిదిద్దలేదు.

ఎంత లెక్కన తాపారు?
"నూటయాభై కిలోలు."
తూచారా?
తన కళ్లు చూపించాడు.
బుధవారం సంతలో ఆ కళ్లకి పేరుంది.
ఆయన ఒక దూడకి ధర కట్టాక
దళారులు గొంతు తగ్గిస్తారు.

కూతురు బ్రయనీ ఎక్కణ్నుంచో అరువు తెచ్చిన కాటా మీదికి
తెల్లమూతి దూడ మొరాయించి మొరాయించి ఎక్కింది.
అంకెలు ఊగి ఆగాయి.
రెండువందల పది.
ఇంకోటి. నూట తొంభై ఆరు.
ఇంకోటి.

గేటు గొళ్లెం గాలికి టకటకమంటోంది.
అరకొర మందు మెత్తవాటిని ఏరి చంపి
మొండివాటికి ఇల్లు ఖాళీ చేసిస్తుంది.
ఇది నేను పైకి అనలేదు.
ఆయనే టోపీ తీసి,
నాతో కాదు, దూడతో అన్నాడు:
"చావనివాటినే సాకాను గదూ."

ఆ చలికాలమంతా నాకు తట్టిన ఆలోచన ఒకటే.
మందు మార్చాం, సరే.
పొట్టగోడల్లో ముడుచుకుని పడుకున్నవి కొన్ని ఉంటాయి,
వసంతం వాటిక్కూడా వస్తుంది.

జూన్లో కవరు. బ్రయనీ చేతిరాత, నిటారుగా.
"ఎండుగడ్డి కోసిన మెరకచేలో వదిలాం.
పల్లంలో ఈ ఏడు పెద్దావులే.
నాన్న ముందు కంటితో చెప్పి, తర్వాత తూస్తున్నాడు."
కింద పెన్సిలుతో రెండు వరసలు,
ఆయన చెప్పింది, కాటా చెప్పింది.
మొదట్లో చాలా ఎడం.
చివరికొచ్చేసరికి మూడు కిలోలు, రెండు.

నాలుగు గుడ్లు. అంటే రెండువందలు.
సున్నా కాదు. సున్నా నేను కోరనూ లేదు,
కొంచెమైనా తగలందే ఆ ఒళ్లు ఏం నేర్చుకుంటుంది?

సంచి అడుగున ఏదో కదిలింది.
పురుగే. కానీ ఆరు కాళ్లది.
మినపగింజంత నల్లటి పేడపురుగు
ఒళ్లు దులుపుకుంటోంది.
వాళ్ల పేడలో ఇన్నాళ్లూ ఒక్కటీ చూడలేదు.
రిపోర్టులో దానికి గడి లేదు.
పోస్టుకార్డు మీదికి ఎక్కించుకుని
కిటికీ తెరిచాను.